మెడ లాగినప్పుడే బీపీ మాత్ర: దుబాయ్‌లో ఒక ఫిలిపినో కార్మికుడి కేసు

రోగి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి వివరాలు, కొన్ని కొలతలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. పేరు రాయను. మా పాలీక్లినిక్‌లో అందరం పిలిచినట్టే "కుయా" అంటాను. తగలాగ్‌లో కుయా అంటే అన్నయ్య, ఆతె అంటే అక్క. మా నర్సు కూడా ఫిలిపినో ఆవిడే. యాభై దాటిన మనిషి, గల్ఫ్‌కి వచ్చి పాతికేళ్లు. ఆవిడ నాకు ఆతె. వరస కలపకుండా ఫిలిపినోలు ఎవరితోనూ మాట మొదలుపెట్టరు. టాక్సీ డ్రైవర్ కుయా, కిరాణా కొట్లో అమ్మాయి ఆతె. గుంటూరులో పెరిగిన నాకు ఇది అలవాటు కావడానికి ఒక్క పూట కూడా పట్టలేదు.

ఒకటి ముందే ఒప్పుకోవాలి. ఈ మనిషి బీపీ నాలుగు నెలలు దిగకపోవడంలో నా వాటా సగం ఉంది. నేను డోసులు పెంచుకుంటూ పోయాను. నెలాఖరుకి ఆయన చేతిలో ఎంత మిగులుతుందో అడగాలని నాకు తట్టలేదు.

వచ్చింది బొటనవేలి కోసం

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చారు. కుడికాలికి డ్యూటీ షూ, ఎడమకాలికి రబ్బరు చెప్పు. ఎడమ బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. వయసు 44. అల్ కూజ్‌లో హోటళ్ల బట్టలు ఉతికే ఒక లాండ్రీలో పని, ప్రెస్సింగ్ సెక్షన్. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా ఆవిరి ఇస్త్రీ మిషన్ ముందు నిలబడే ఉద్యోగం. పదమూడేళ్లుగా అదే పని. ఉండేది సత్వాలో, బెడ్‌స్పేస్‌లో. బెడ్‌స్పేస్ అంటే అద్దెకి తీసుకునేది గది కాదు, మంచం. ఒక గదిలో నాలుగు రెండంతస్తుల మంచాలు, ఎనిమిదిమంది. ఆయనది కింద మంచం, దానికి పై మంచం కంటే అద్దె కొంచెం ఎక్కువ.

వేలు చూస్తే గౌట్ అని, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని కీలు వాచే జబ్బని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బీపీ చూస్తే 172/108. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 168/104. బరువు 78 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. రక్తంలో యూరిక్ యాసిడ్ 9.1, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1, మూడు నెలల షుగర్ సగటు 6.2, అంటే డయాబెటిస్ గుమ్మం ముందు.

బీపీ ఉందని చెప్పగానే ఆయన మెడ వెనక చెయ్యి పెట్టుకుని, "హైబ్లడ్ అయితే ఇక్కడ లాగాలి కదా డాక్, నాకేం లాగట్లేదు" అన్నారు. ఆ మాట నేను విన్నాను, పట్టించుకోలేదు. కేస్ షీట్లో "లక్షణాలు లేవు" అని రాసి ముందుకెళ్లిపోయాను.

గౌట్‌కి కొల్చిసిన్, బీపీకి అమ్లోడిపిన్ 5, ఉప్పు తగ్గించమని ఒక కరపత్రం ఇచ్చాను. ఆ కరపత్రంలో ఏముందో చాలా రోజుల తర్వాత గాని చూసుకోలేదు: పచ్చళ్లు మానండి, అప్పడాలు మానండి, ఊరమిరపకాయలు మానండి. జన్మలో ఆవకాయ ముట్టని మనిషి దాన్ని మర్యాదగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, థాంక్యూ డాక్ అన్నారు. ఫిలిపినో రోగులు డాక్టరు మొహం మీద "ఇది నాకు పనికిరాదు" అనరు. నవ్వుతారు, తలూపుతారు, వెళ్లిపోతారు. ఆ నవ్వుని ఒప్పుకోలు అనుకోవడం నాలాంటి కొత్త డాక్టర్లు చేసే మొదటి పొరపాటు. నేనప్పటికి కొత్త కూడా కాదు, వచ్చి ఆరేళ్లయింది.

ఒకదాని మీద ఒకటి

మార్చిలో 168/106. అమ్లోడిపిన్ 10 చేశాను. ఏప్రిల్లో 174/106. నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ జోడించాను. ఈ కేసులో మందు ఎంపికలో నేను చేసిన నేరుగా తప్పనదగ్గది ఇదే. ఆ మందు యూరిక్ యాసిడ్‌ని పెంచుతుందని మూడో సంవత్సరం ఎంబీబీఎస్ పిల్లలకి కూడా తెలుసు. గౌట్ ఉన్నవాడికి, అందులోనూ యూరిక్ యాసిడ్ సమస్య బాగా కనిపించే ఫిలిపినోకి దాన్ని రాశాను. ఆ రోజు నా ముందు ముప్పైమంది రోగులు ఉన్నారు. అది సంజాయిషీ కాదు, జరిగింది చెబుతున్నాను.

మూడు వారాల్లో బొటనవేలు మళ్లీ వాచింది. క్లినిక్‌కి రాలేదు. ఊరినుంచి తెచ్చుకున్న మెఫెనమిక్ యాసిడ్ మాత్రలు రోజుకి మూడు చొప్పున వేసుకున్నారు. మన దగ్గర ఆడపిల్లలు నెలసరి నొప్పికి వేసుకునే మాత్రల్లో ఉండే మందే అది. ఫిలిప్పీన్స్‌లో పంటి నొప్పికీ తలనొప్పికీ నడుం నొప్పికీ దాన్నే వాడతారు, పెట్టెలో అది లేకుండా విమానం ఎక్కే ఫిలిపినో అరుదు. ఇలాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపేస్తాయి, బీపీ మందుల్ని సరిగ్గా పనిచేయనివ్వవు, కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. జూన్ మొదట్లో వచ్చేసరికి చీలమండలు రెండూ ఉబ్బి ఉన్నాయి, బీపీ 176/110, క్రియాటినిన్ 1.4.

నేను షీట్లో "మొండి బీపీయా?" అని ప్రశ్నార్థకం పెట్టాను. నీరు తీసే మందుతో కలిపి మూడు రకాలు పూర్తి డోసులో వాడినా దిగనిదాన్ని అలా అంటారు. ఈయన వాడేవి రెండే. అయినా నా బుర్ర అప్పటికే కిడ్నీ రక్తనాళాల స్కాన్ దగ్గరికి వెళ్లిపోయింది. ఇన్సూరెన్స్ అనుమతి కోసం ఫారం నింపుతున్నాను. ఆతె వెనక నుంచి చూసి, "డాక్, ఒక పావుగంట ఆగు, నేను మాట్లాడతాను" అంది.

ఆతె పావుగంట

బీపీ చూసే గదిలో తలుపు దగ్గరగా వేసి ఇద్దరూ తగలాగ్‌లో మాట్లాడుకున్నారు. మొదట్లో నవ్వులు వినిపించాయి, తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. బయటికొచ్చి ఆతె చెప్పినవి మూడు.

మొదటిది మాత్రల సంగతి. నెలకి ఇచ్చిన పత్తా రెండు నెలలు వస్తోంది. మెడ వెనక లాగిన రోజు ఒకటి, లేని రోజు లేదు. క్లినిక్‌కి వచ్చే ముందురోజు మాత్రం రెండు. ఫిలిపినో ఇంగ్లీషులో బీపీని "హైబ్లడ్" అంటారు, కోపం తెప్పించినా "నన్ను హైబ్లడ్ చేయకు" అంటారు. అంటే వాళ్ల లెక్కలో అది వచ్చిపోయేది, కోపం లాగా. వచ్చినప్పుడు మెడ వెనక తెలుస్తుంది. మెడ వెనక భాగాన్ని వాళ్లు బాతోక్ అంటారు. బాతోక్ లాగితే మాత్ర, పచ్చి వెల్లుల్లి, కాసేపు పడక. తగ్గితే హైబ్లడ్ పోయినట్టే. మన ఊళ్లలో "మెడనరాలు లాగుతున్నాయి, బీపీ పెరిగినట్టుంది" అనే మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. ఫిబ్రవరిలో ఆయన మెడ మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు తెలుగు పేషెంటు అయ్యుంటే నాకు అక్కడే బల్బు వెలిగేది.

రెండోది నిద్ర. డిసెంబర్లో ఆయన గదిలో పై మంచం మీద ఉండే ముప్పై రెండేళ్ల కుర్రాడు రాత్రి భోంచేసి పడుకుని, లేవలేదు. గదిలో అందరూ అన్న మాట ఒకటే: బంగుంగొత్. నిద్రలో పీడకల వచ్చి, మూలుగుతూ ప్రాణం పోవడం. ఫిలిప్పీన్స్‌లో అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న భయం ఇది. కడుపునిండా అన్నం తిని వెంటనే పడుకుంటే వస్తుందంటారు. లావుపాటి ముసలిది గుండె మీద కూర్చుంటుందని ఉత్తర ఫిలిప్పీన్స్‌లో ఉండే ఇలోకానో వాళ్ల కథ. ఇది ఒట్టి మూఢనమ్మకం అని కొట్టేయలేం. ఆగ్నేయాసియా మగవాళ్లలో, అదీ పడుచు వయసులో, నిద్రలో ఉన్నట్టుండి గుండె లయ తప్పి చనిపోవడం నిజంగానే ఎక్కువ. 1992లో బ్రుగాడా సోదరులు ఒక ప్రత్యేకమైన ఈసీజీ రూపాన్ని వర్ణించారు. తర్వాత పదేళ్లకి ఈ నిద్రలో మరణాలకీ దానికీ ఒకే జన్యువులో లోపం కనిపించింది.

కుయా ఆ రోజు నుంచి నిద్రకి భయపడుతున్నారు. ఏడింటికి డ్యూటీ దిగి, గదికొచ్చి, తినడానికి భయం, పడుకోవడానికి భయం. స్నానానికి కూడా భయమే: వేడిలో పనిచేసిన ఒంటి మీద చన్నీళ్లు పడితే "పస్మా" పడుతుందని, చేతులు వణుకుతాయని, నరాలు ఉబ్బుతాయని నమ్మకం. ఇస్త్రీ పనివాళ్లలో ఇది మరీ గట్టి. అందుకని మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ కూర్చుని, అయిదింటి దాకా పడుకుంటారు. నాలుగు గంటల నిద్ర. రాత్రి డ్యూటీలో కళ్లు మూతపడకుండా మూడు ఎనర్జీ డ్రింకులు. ఒక్కో చిన్న డబ్బాలో 80 మిల్లీగ్రాముల కెఫీన్, అయిదారు చెంచాల చక్కెర. ఆ చక్కెరలోని ఫ్రక్టోజ్ యూరిక్ యాసిడ్‌ని కూడా పెంచుతుంది.

మూడోది చెప్పేటప్పుడు ఆతె గొంతు తగ్గించింది. "మాత్రలకి డబ్బుల్లేవు, డాక్. నీకు చెప్పడానికి సిగ్గు."

ఇరవై దిర్హాములు

దుబాయ్‌లో 2013 చట్టం ప్రకారం ప్రతి ఉద్యోగికీ కంపెనీ ఆరోగ్య బీమా చేయించాలి. జీతం 4,000 దిర్హాముల లోపు ఉన్నవాళ్లకి ఇచ్చేది అన్నిటికంటే కింది మెట్టు ప్లాను. డాక్టరు ఫీజులో కొంత, మందుల ధరలో కొంత రోగే కట్టుకోవాలి. కుయా మందులకి ఆయన వాటా నెలకి నలభై, యాభై దిర్హాములు. రెండు షవర్మా ప్లేట్ల ఖర్చు కదా అని నేను మనసులో అనుకున్నాను. తర్వాత ఆతె ఒక ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక ఆయన చేతే లెక్క రాయించింది.

జీతం ఓవర్‌టైమ్‌తో కలిపి 3,100. ఇంటికి పంపేది 1,900. మంచం అద్దె 600. గదిలో వంటకి తలా వేసుకునే వంతు 280. ఫోన్ 100. వడ్డీ 200. మిగిలేది 20.

ఆ ఇరవై మీద వేలు పెట్టి ఆయన, "ఇది కార్గో డబ్బా కోసం" అన్నారు. బాలిక్‌బయాన్ బాక్స్ అంటారు, మనిషి ముడుచుకుని కూర్చుంటే పట్టేంత అట్టపెట్టె. సబ్బులు, షాంపూలు, చాక్లెట్లు, టిన్ను మాంసం, తువాళ్లు, పిల్లల బూట్లు నెలల తరబడి ఒక్కొక్కటీ కొని మంచం కింద దాచి, నిండాక ఓడ మీద పంపుతారు. ఆయన మంచం కింద ఉన్న డబ్బా అప్పటికి సగం నిండింది. సొంతానికి కొనుక్కున్న షాంపూ మాత్రం సాషేలు.

వడ్డీ 200 ఏంటని అడిగాను. కుయా ఆతె వైపు చూశారు, ఆతె నా వైపు చూసి నవ్వు ఆపుకుంది. "ఫైవ్-సిక్స్, డాక్." అయిదు తీసుకుంటే ఆరు తిరిగివ్వాలి, నెలకి 20 శాతం. నవ్వెందుకంటే, ఫిలిప్పీన్స్‌లో ఈ వడ్డీ వ్యాపారానికి పేరుమోసింది మనవాళ్లే. మోటార్‌సైకిల్ మీద సందుసందూ తిరిగి అప్పులిచ్చే పంజాబీలని అక్కడ "బుంబాయ్" అంటారు, పిల్లలు అల్లరిచేస్తే బుంబాయ్‌కి పట్టిస్తానని బెదిరిస్తారు. ఇండియన్ డాక్టరు ముందు ఆ మాట అనడానికి ఆయనకి మొహమాటం. ఇక్కడ ఆయనకి అప్పిచ్చింది మాత్రం తోటి ఫిలిపినోనే. కొడుకు కాలేజీ ఫీజుకని 1,000 దిర్హాములు తీసుకుని ఏడు నెలలైంది, అసలు కట్టలేక ప్రతి నెలా వడ్డీ 200 కడుతున్నారు. అంటే 1,400 కట్టారు, ఇంకా 1,000 బాకీ. మన వీధుల్లో కాల్‌మనీ కథలు తెలిసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు.

ఇంటికి వెళ్లే 1,900లో 1,300 ఇంటి ఖర్చుకీ చదువులకీ. 400 ఇంటి మీద రెండో అంతస్తుకి. 200 అక్కకి. ఆయన సొంత ప్రాంతం నువేవా ఎసిహా, ఫిలిప్పీన్స్‌లో వరి పండే చోటు. 2011లో ఆయన్ని దుబాయ్ పంపడానికి అక్క తన పొలం తాకట్టు పెట్టింది. ఆ సొమ్ము తీర్చి ఎనిమిదేళ్లయింది. పంపడం మాత్రం ఆగలేదు. "ఉతాంగ్ న లొఒబ్" అన్నారు. ఆతె దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి తంటాలు పడుతుంటే, నాకు అర్థమైందన్నాను. బాకీ తీరింది, రుణం తీరలేదు. తెలుగులో ఈ రెండూ వేరువేరు మాటలు కావడం ఆ రోజు నాకు భలే పనికొచ్చింది.

1,900 అంటే జీతంలో 61 శాతం. ఈ అంకె చూశాక నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 1974 కార్మిక చట్టంతో ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ ప్రభుత్వం మనుషుల్ని విదేశాలకి పంపడాన్ని ఒక విధానంగా చేసుకుంది. 1982లో ఉత్తర్వు 857 తెచ్చి, విదేశాల్లో పనిచేసేవాళ్లు జీతంలో కనీసం సగం, కొన్ని పనులవాళ్లు అంతకంటే ఎక్కువ, బ్యాంకుల ద్వారా ఇంటికి పంపి తీరాలన్నారు. పంపకపోతే పాస్‌పోర్ట్ రెన్యువల్ ఆపుతామన్నారు. కార్మికులు గొడవ చేస్తే 1985లో శిక్షల సంగతి వదిలేశారు. ఓడ పనివాళ్లకి తప్ప ఇప్పుడు అలాంటి బలవంతం లేదు. 1988లో అప్పటి అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో హాంకాంగ్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడుతూ వాళ్లని "బగోంగ్ బయాని", అంటే కొత్త వీరులు అంది. 2023లో ఈ వీరులు బ్యాంకుల ద్వారా పంపింది 3,300 కోట్ల డాలర్లు దాటింది. చట్టం అడిగినదానికంటే కుయా తనంతట తానే ఎక్కువ పంపుతున్నారు, వీరుడు బీపీ మాత్ర అడగడం నామోషీ కాబట్టి నోరు మూసుకున్నారు.

మన జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ మనుషులు ఇదే క్లినిక్‌కి వస్తారు. వాళ్ల కాగితం వెనక లెక్క రాయిస్తే అంకెలు మారతాయేమో గాని వరస మారదు. స్లాబు, ఫీజు, చెల్లి పెళ్లి, చివర్లో ఒళ్లు.

మార్చినవి

ముందు ఈసీజీ తీశాం. మామూలు చోట తీశాక, ఛాతీ మీద పెట్టే రెండు లీడ్లని ఒక పక్కటెముక పైకి జరిపి మళ్లీ తీశాం. బ్రుగాడా దాక్కుంటే అలా పెట్టినప్పుడు బయటపడే అవకాశం ఎక్కువ. కనపడలేదు. బీపీ వల్ల గుండె గోడ మందమైన సూచన మాత్రం కనిపించింది. కళ్లు తిరిగి పడిపోయిన చరిత్ర లేదు, ఇంట్లో పడుచు వయసులో పోయినవాళ్లు లేరు. ఒక్క ఈసీజీతో నూటికి నూరుపాళ్లు భరోసా ఇవ్వలేనని చెప్పి, కాగితం ఆయన చేతికే ఇచ్చాను. "నిన్ను భయపెట్టాల్సింది ఈ గీత కాదు కుయా, ఇదిగో ఈ గీత" అని గోడ మందం చూపించే చోట పెన్నుతో సున్నా చుట్టాను. ఆయన ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నారు. నాలుగు నెలల్లో నేను ఇచ్చిన వాటిలో ఆయనకి నిజంగా అక్కరకొచ్చిన మొదటి కాగితం అదే.

మందుల్లో హైడ్రోక్లోరోథయజైడ్ తీసేశాను. మెఫెనమిక్ యాసిడ్ పూర్తిగా బంద్. నొప్పి వస్తే కొల్చిసిన్, చాలకపోతే ఫోన్ చెయ్యమన్నాను. క్రియాటినిన్ పది రోజుల్లో 1.2కి దిగాక లోసార్టన్ 50 మొదలుపెట్టి, పొటాషియం చూసుకుని 100 చేశాను. బీపీ మందుల్లో లోసార్టన్‌కి ఒక మంచి గుణం, యూరిక్ యాసిడ్‌ని కొంచెం మూత్రంలోకి తోసేస్తుంది. అమ్లోడిపిన్ 5కి దించాను, కాళ్ల వాపు పోయింది. యూరిక్ యాసిడ్‌కి అందరికీ రాసే అల్లోపురినాల్ జోలికి వెంటనే పోలేదు. ఆగ్నేయాసియా వాళ్లలో కొందరికి ఒక జన్యువు వల్ల దానితో చర్మం ఊడిపోయే ప్రమాదకరమైన రియాక్షన్ వస్తుంది, ఆ పరీక్షకి ఆయన ప్లానులో డబ్బు రాదు. కిడ్నీ కుదుటపడ్డాక ఫెబుక్సోస్టాట్ 40 మొదలుపెట్టాను.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నది ఆతె తేల్చింది. "పొద్దున" అని నేను రాశాను. రాత్రి డ్యూటీ చేసేవాడికి పొద్దున అంటే ఏంటి? "డ్యూటీ దిగి స్నానం చేశాక" అని దిద్దింది. స్నానం దగ్గర పస్మా అడ్డొచ్చింది. వేడినీళ్లతో పస్మా పట్టదు కదా అని ఆతె అంటే, కుయా ఒప్పుకున్నారు. దుబాయ్ ఎండాకాలంలో చన్నీళ్ల కుళాయి తిప్పినా మిద్దె మీద ట్యాంకులోంచి సలసల కాగే నీళ్లే వస్తాయి కాబట్టి అది పెద్ద సమస్య కాలేదు. తొమ్మిదికి స్నానం, కొంచెం తిండి, మాత్ర, పదికి పడక.

తిండి దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. గదిలో ఎనిమిదిమందికి ఒకే పొయ్యి, వంతులవారీ వంట. 280 దిర్హాముల్లో వచ్చేది బియ్యం, గుడ్లు, టిన్ను సార్డీన్ చేపలు, ఇన్‌స్టంట్ నూడుల్స్, తుయో, తోయో. తుయో అంటే ఎండుచేప, తోయో అంటే సోయాసాస్. ఒకటి రెండోదానిలో ముంచుకుని తింటారు. పెద్ద చెంచాడు సోయాసాస్‌లోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2,000. అంతకంటే తమాషా ఏంటంటే, గౌట్ వచ్చిందని కుయా మొంగ్గో మానేశారు. మొంగ్గో అంటే మన పెసలు. ఫిలిపినోల ఇళ్లలో శుక్రవారం పూట పెసల కూర ఆనవాయితీ, కీళ్లనొప్పి వస్తే ముందు దాన్నే మానమంటారు. పెసలతో గౌట్ పెద్దగా పెరగదు. పెంచేవాటిలో ముందుండేది సార్డీన్లు. ఆయన పెసలు మానేసి ఆ స్థానంలో రోజూ సార్డీన్లు తింటున్నారు.

పాత కరపత్రం పారేశాం. ఆతె అరపేజీ తగలాగ్‌లో రాసింది: శుక్రవారం మొంగ్గో తినొచ్చు, సార్డీన్ వారానికి ఒకసారి, నూడుల్స్ మసాలా పొట్లం సగమే, తోయోలో సగం వెనిగర్. కోడిముక్కలు, అల్లం, మలుంగ్గాయ్ వేసి తినోలా అనే చారు చేసుకోవచ్చు. మలుంగ్గాయ్ ఖరీదు, ఫ్రోజెన్ ప్యాకెట్లలో దొరుకుతుంది అన్నారు కుయా. అది మన మునగాకే. కరామాలో ఇండియన్ కూరగాయల కొట్టుకి వెళ్లి మునగాకు కట్ట అడగమన్నాను. మర్నాడే ఆతె ఫోన్‌కి ఫోటో పంపారు: ప్లాస్టిక్ కవరులో మునగాకు, పక్కన బొటనవేలు పైకెత్తి.

ఇక డబ్బు. ఇది నా పని కాదు, ఆతె నడిపించింది. మాత్రలకి 50, అప్పు తీర్చడానికి 100, మొత్తం 150 ఇంటికి పంపేదాంట్లోంచి తగ్గాలి. అక్క 200 ముట్టుకోనన్నారు, మేమూ అడగలేదు. రెండో అంతస్తు సిమెంటులోంచే తగ్గాలి. అంటే భార్యకి చెప్పాలి. అంటే హైబ్లడ్ ఉందని చెప్పాలి. మూడేళ్ల కిందట ఒక ఫార్మసీలో చూపించుకున్నప్పుడే తెలుసట, ఇంట్లో చెప్పలేదట.

మా పాంట్రీలో కూర్చుని వీడియో కాల్ చేశారు. ఆవిడ మొదట మాట్లాడలేదు. తర్వాత ఎంత ఉందని అడిగింది. 176 అనగానే తగలాగ్‌లో అందుకుంది, టీ పోసుకుంటున్న నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. ఆవిడకీ బీపీ ఉంది. ఊళ్లో హెల్త్ సెంటర్లో అమ్లోడిపిన్ ఉచితంగా ఇస్తారు, రోజూ వేసుకుంటుంది, ఆవిడా ఆయనకి చెప్పలేదు. ఊళ్లో ఉన్న పెళ్లానికి రోజుకో మాత్ర, గల్ఫ్‌లో సంపాదించే మొగుడికి వారానికి మూడు.

అప్పు తీర్చడానికి ఆతె తన పలువాగన్‌లో చేర్చుకుంది. మన చీటీ లాంటిదే, పాట ఉండదు. పదిమంది, తలా నెలకి 100, ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసుకుంటారు. ఆతె తన రెండో వంతు ఈయనకిచ్చి ఈయన తొమ్మిదో వంతు తను తీసుకుంది. ఆగస్టులో చేతికొచ్చిన 1,000 నేరుగా ఫైవ్-సిక్స్ వాడికి వెళ్లింది. నెలకి 200 మిగలడం మొదలయ్యాక, అందులో 100 పగ్-ఇబిగ్ వాళ్ల ఎంపీ2లో వేయమని ఆతె సలహా. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ పొదుపు పథకం, అయిదేళ్లు, 2024కి ఏడు శాతం పైన డివిడెండ్ ఇచ్చింది. అప్పు తీరకముందు ఆ మాట ఎందుకు ఎత్తలేదని అడిగితే, "నెలకి ఇరవై శాతం కడుతూ ఏడాదికి ఏడు శాతం కోసం దాచేవాడు పిచ్చివాడు డాక్" అంది.

ఆ తర్వాత

జులై చివర్లో 148/92. సెప్టెంబర్లో 136/86, క్రియాటినిన్ 1.1, యూరిక్ యాసిడ్ 6.4. ఆరు లోపుకి రావాలి, ఇంకా రాలేదు. గౌట్ మళ్లీ రాలేదు. నిద్ర ఆరు గంటలకి పెరిగింది.

డిసెంబర్లో 158/98. నేను ఊహించి ఉండాల్సింది. ఫిలిపినోలకి క్రిస్మస్ సెప్టెంబర్ ఒకటి నుంచే మొదలవుతుంది, పాటలు అప్పటి నుంచే వినిపిస్తాయి. వాళ్ల దేశంలో ఏడాది చివర అదనంగా ఇచ్చే పదమూడో నెల జీతం 1975 నుంచి చట్టం. యూఏఈలో అలాంటిది లేదు, కానీ ఊళ్లో మేనత్తలకీ జ్ఞానపుత్రులకీ ఆ సంగతి తెలియదు, తెలిసినా నమ్మరు. జ్ఞానపుత్రులంటే బాప్తిస్మంలో ఆయన్ని జ్ఞానతండ్రిగా పెట్టుకున్న పిల్లలు, పదకొండుమంది ఆయనకి. మూడు వారాలు లోసార్టన్ కొనలేదు. నేను ఈసారి డోసు ముట్టుకోలేదు. ఆతె రెండు నెలల మాత్రలు ఒకేసారి తీయించింది, జనవరిలో 138/86.

ఫిబ్రవరిలో కంపెనీ బీమా మార్చింది. కొత్త ప్లాను జాబితాలో మా క్లినిక్ లేదు. తర్వాత చూసే డాక్టరు కోసం ఒక పేజీ రాసిచ్చాను. అందులో అంకెలన్నీ ఉన్నాయి, పైన మాత్రం ఇవి పెట్టాను: బీపీ చూసే ముందు చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడగండి, క్లినిక్‌కి వచ్చే ముందురోజు రెండేసుకునే అలవాటు ఉంది. నొప్పికి ఏం వాడుతున్నారో పేరుతో సహా అడగండి. థయజైడ్ వద్దు. నవంబర్, డిసెంబర్లలో మందులు ముందే ఇవ్వండి. రాత్రికి మూడు ఎనర్జీ డ్రింకులు ఇప్పటికీ తాగుతున్నారు, నేను మాన్పించలేకపోయాను.